వేసవి చివర్లో మోనే తోటలో పూలుంటాయా?

ఉంటాయి; ఫ్రాన్స్‌లోని జివెర్నీలో చిత్రకారుడు క్లోద్ మోనే పెంచిన తోట ఆగస్టు, సెప్టెంబరుల్లోనూ నిండుగా పూస్తుంది. జివెర్నీ ఉన్న నార్మండీ ప్రాంతంలో ఎండలు మన దగ్గరలా మాడ్చేయవు. అందుకే డాలియాలు, పొద్దుతిరుగుడు పూలు అప్పుడే విరగబూస్తాయి. మధ్య దారినే చూడండి: రెండు పక్కల నుంచీ నస్టర్షియం తీగలు పాకి, గుండ్రటి ఆకులతో, నారింజ పూలతో నేలను దాదాపు కమ్మేస్తాయి. అంత అందం ఏప్రిల్‌లో వెళ్తే దొరకదు. చెరువులో కలువలు మాత్రం సాయంత్రానికి ముడుచుకుంటాయి, కాస్త ముందే వెళ్లాలి.

చాలామంది మోనే ఈ చెరువు చిత్రాల్లో గీసిన పూలు తామరలనుకుంటారు. కావు, కలువలే. తామరాకు నీటిపైకి లేచి గొడుగులా నిలబడుతుంది. కలువాకు ఒకవైపు చీలికతో నీటి మీదే పరుచుకుంటుంది. ఆ చెరువు కూడా సహజమైనది కాదు, 1893లో స్థలం కొని ఆయనే తవ్వించారు.