టెక్ సందేహాలు: జియోక్యాషింగ్‌లో డబ్బా లేకపోతేనే మేలు

ప్రశ్న: సియాటెల్ దగ్గర ఉంటున్నాం. పిల్లలతో జియోక్యాషింగ్ మొదలుపెట్టాం. యాప్‌లో చాలా క్యాష్‌లకు (దాచిన డబ్బాలకు) తాళం పడి ఉంది. డబ్బు కట్టాల్సిందేనా? వచ్చే వారం నిస్క్వాలీ అభయారణ్యానికి వెళ్తున్నాం, అక్కడ డబ్బాలు దొరుకుతాయా?

జవాబు: కొత్తవాళ్లకు ఒక్క మాట. ఎవరో డబ్బా దాచి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, మనం వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద పేరు రాసి, తీసినచోటే పెట్టేస్తాం. 2000 మేలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌ను కావాలని మసకబార్చడం ఆపేసిన మర్నాడే ఒరెగాన్‌లో పుట్టిన ఆట ఇది.

అప్పుడే డబ్బు కట్టకండి. ఉచిత యాప్ తేలిక రకాలే చూపిస్తుంది. అదే లాగిన్‌తో బ్రౌజర్‌లో వెబ్‌సైట్ తెరిస్తే, ప్రీమియం వాళ్లకే అని పెట్టినవి తప్ప మిగతావి కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ అయితే సి:జియో అనే ఉచిత యాప్ కూడా ఉంది.

ఇక నిస్క్వాలీ. అమెరికా వన్యప్రాణి అభయారణ్యాల్లో డబ్బాలు దాచనివ్వరు. నన్నడిగితే అదే మంచిది, డబ్బా ఉంటే పిల్లల చూపంతా దాని మీదే. అక్కడ వందేళ్లకు పైగా సముద్రపు నీటిని ఆపిన కట్టను 2009లో తీసేసి, 762 ఎకరాలను ఆటుపోట్లకు వదిలారు. సాల్మన్ పిల్లలు సముద్రంలోకి వెళ్లే ముందు ఉప్పునీటికి అలవాటుపడేది ఇలాంటి చోటే. బయల్దేరే ముందు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా సైట్‌లో పోటు వేళలు చూసుకోండి. నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయంలో చెక్క వంతెన మీద నిలబడితే బురదలో నీళ్లు కోసుకున్న కాలువలు స్పష్టంగా కనిపిస్తాయి. పోటు వేళకు అవన్నీ మునిగిపోతాయి. వీలైతే రెండూ చూపించండి.

ప్రశ్న: మాది విశాఖ. ఎర్రమట్టి దిబ్బల్లో ఒక డబ్బా పాతిపెట్టి, వాటి గురించి నలుగురికీ తెలిసేలా చేద్దామనుకుంటున్నా. కుదురుతుందా?

జవాబు: వద్దండీ. ఆట నియమాల ప్రకారమే తవ్వి పాతకూడదు. పైగా అది జియాలజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం. వాన నీరు కోసిన ఆ ఇసుక గోడలు పదిమంది ఎక్కి దిగితే రాలిపోతాయి.

మీకు పనికొచ్చేది ఎర్త్‌క్యాష్. 2004లో మొదలైన ఈ పద్ధతిలో డబ్బా ఉండదు. స్థలం చూసే అధికారుల అనుమతి తీసుకుని, మీరు చిన్న పాఠం, రెండు మూడు ప్రశ్నలు రాయాలి. జవాబు గూగుల్‌లో దొరక్కూడదు, అక్కడికొచ్చి చూస్తేనే తెలియాలి. ‘ఈ గోడలో పైనుంచి కిందికి రంగు ఎలా మారింది?’ లాంటివన్నమాట. దారి మీద నిలబడి చెప్పగలిగేదే అడగండి. భూగర్భ విషయాలకే అనుమతి, పక్షుల మీద పాఠం రాస్తే తిప్పి పంపేస్తారు. పక్షులకైతే, చూసినవి నమోదు చేసే ఈబర్డ్, ఐనాచురలిస్ట్ యాప్‌లు ఉన్నాయి. అంతరించిపోయే జాతుల చోటును ఐనాచురలిస్ట్ దానంతటదే మసకబారుస్తుంది. మీరు మాత్రం గూడు లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయకండి!

ప్రశ్న: చెట్ల కింద బాణం గుర్తు గిర్రున తిరుగుతోంది. ఫోన్ పాడైందా?

జవాబు: లేదు. ఆకుల కింద పది మీటర్ల తేడా మామూలే. ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు తిప్పితే దిక్సూచి సర్దుకుంటుంది. దగ్గరకొచ్చాక ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకండి. పొదలు తొక్కాల్సి వస్తే ఆ క్యాష్ వదిలేయండి.