అమ్మావాళ్లని ఫ్లాయిడ్ తీసుకెళ్లేముందు

నాన్నా,

అమ్మకీ నాన్నకీ వీసా వచ్చిందని, జూన్‌లో షార్లెట్‌లో దిగుతున్నారని తెలిసి ఎంత సంతోషించానో. నువ్వు పంపిన లిస్టు చూశాను. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, రెండు గుళ్లు, ఒక మాల్. బాగానే ఉంది. కానీ అందులో ఒక శుక్రవారం ఖాళీ చేసి నాకివ్వు. షార్లెట్ నుంచి 77 హైవే మీద ఉత్తరానికి వచ్చి, హిల్స్‌విల్ దగ్గర 221 రోడ్డు ఎక్కితే ఫ్లాయిడ్ వస్తుంది. వర్జీనియాలో, బ్లూ రిడ్జ్ కొండల్లో చిన్న ఊరు. అక్కడి కంట్రీ స్టోర్‌లో ప్రతి శుక్రవారం రాత్రి పాటా ఆటా ఉంటాయి. దానికి ముందు, దారిలో ఎక్కడైనా గిన్నెలు బల్ల మీద పెట్టే ఫ్యామిలీ స్టైల్ హోటల్లో కడుపునిండా భోజనం. నేను రోనోక్ వచ్చిన కొత్తలో ఇవి చెప్పేవాళ్లు లేక కొన్ని తప్పులు చేశాను. నువ్వు చెయ్యకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు భోజనం. ఈ హోటళ్లలో ఏం కావాలో ఎంచుకునే పని పెద్దగా ఉండదు. తలకింత అని తీసుకుంటారు. వేయించిన కోడి, బంగాళాదుంప ముద్ద, బీన్స్, మొక్కజొన్న, ఉడికించిన ఆపిల్ ముక్కలు, బిస్కెట్లు పెద్ద పెద్ద గిన్నెల్లో వచ్చేస్తాయి. బిస్కెట్ అంటే మన పార్లే కాదు, వేడివేడిగా పొరలుగా విడిపోయే చిన్న రొట్టె. మన బంతి భోజనంలాంటిదే గానీ వడ్డించేవాళ్లు ఉండరు. నీకు కావలసింది వేసుకుని గిన్నె పక్కవాళ్లకి అందించాలి. అయిపోతే మళ్లీ తెస్తారు. అందుకే మొదటిసారి కొంచెమే వేసుకోమని నాన్నకి చెప్పు. మిగిలింది కట్టిమ్మని అడగకు, చాలాచోట్ల ఇవ్వరు. పక్క బల్లవాళ్లు తలవంచి ప్రార్థన చేసుకుంటుంటే ఆ కాసేపు మీరూ నిశ్శబ్దంగా ఉండండి. నార్త్ కరోలినాలోని బూన్‌లో 1959 నుంచి ఇలాగే పెడుతున్న హోటల్ ఒకటుంది, ఇంకోసారి అటు వెళ్లొచ్చు.

ఇక అసలు సంగతి. అమ్మ మాంసం ముట్టదు కదా. అక్కడ “వెజిటేరియన్ ఉందా” అని అడగకు. ఉందనే చెబుతారు. వాళ్ల లెక్కలో అది అబద్ధం కాదు, బీన్స్ కూరగాయే కదా. ఆ కొండల్లో దాదాపు ప్రతి రైతూ పందుల్ని పెంచుకునేవాడు. చలికాలంలో కోసి, ఉప్పు పట్టించి, ఆ మాంసాన్నీ కొవ్వునీ ఏడాదంతా వాడుకునేవాళ్లు. బీన్స్ కుండలో ఒక ముక్క పడితేనే వాళ్లకి రుచి. ఒకసారి మా అత్తగారిని ఒక హోటల్‌కి తీసుకెళ్లాను. ఆవిడ బీన్స్ రెండుసార్లు వేసుకున్నారు. పొగ వాసన భలే ఉందే అని మెచ్చుకున్నారు. బిల్లు కట్టేటప్పుడు ఎందుకో అనుమానం వచ్చి అడిగితే అప్పుడు తెలిసింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆ వీపు నాకింకా కళ్లముందే ఉంది. ముందే అడగాల్సింది నేను.

కాబట్టి కూర్చోకముందే, ఒక్కో గిన్నె పేరూ చెప్పి, ఇందులో పందిమాంసం గానీ, బేకన్ నూనె గానీ, లార్డ్ అనే పంది కొవ్వు గానీ, చికెన్ రసం గానీ ఉన్నాయా అని అడుగు. బీన్స్, ఆకుకూర, గ్రేవీ మీద అనుమానం ఉంచుకో. బిస్కెట్లూ కార్న్ బ్రెడ్డూ ఒక్కో చోట ఒక్కోలా చేస్తారు. మొక్కజొన్న, ఆపిల్, టమాటా ముక్కలు, క్యాబేజీ స్లా అమ్మకి సాధారణంగా సరిపోతాయి. విసుక్కుంటారేమోనని మొహమాటపడకు. ఓపిగ్గా లోపలికెళ్లి కనుక్కుని వచ్చి చెప్పినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. నాన్నకి షుగర్ కదా, టీ అడిగితే “అన్‌స్వీట్” అని గట్టిగా చెప్పు. లేకపోతే పాకంలాంటిది తెచ్చిపెడతారు. పచ్చడి లేకపోతే ముద్ద దిగదంటాడు గనక చౌ చౌ ఉందేమో అడుగు. క్యాబేజీ, పచ్చి టమాటాలతో పుల్లగా తియ్యగా పెట్టే నిలవ పచ్చడి అది. టిప్పు మాత్రం ఇరవై శాతం తగ్గనీకు.

భోజనమయ్యాక చీకటి పడకముందే ఫ్లాయిడ్ చేరండి. మొదట భక్తి పాటలుంటాయి, కూర్చుని వినాలి. తర్వాత డ్యాన్సు బ్యాండ్లు ఎక్కుతాయి. లోపల మందు, సిగరెట్, బూతుమాట ఉండవు, అందుకే మూడు తరాలూ కలిసి వస్తారు. నువ్వు రేడియోలో వినే కంట్రీ సంగీతం కాదిది. దాని తాతల నాటి పాట. 1927లో బ్రిస్టల్ ఊళ్లో తొలితరం కంట్రీ గాయకులు కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ తమ మొదటి రికార్డులు ఇచ్చింది ఈ కొండల అంచునే. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో పుట్టింది. మొదట్లో సొరబుర్రకి తోలు బిగించి చేసేవాళ్లు. ఆ మాట నాన్నకి చెప్పు, బుర్రకథలంటే ప్రాణం కదా.

వేసవిలో వీధిలో కూడా గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. అందరూ కలిసి ఒకే వరసని పదేపదే వాయిస్తుంటే అది ఓల్డ్ టైమ్, మన భజనలాగా. ఒకరి తర్వాత ఒకరు తమ వంతు పనితనం చూపిస్తుంటే బ్లూగ్రాస్. వాళ్ల కుర్చీల మధ్యకి వెళ్లకండి. వీడియో తీసేముందు అడుగు.

మనల్ని చూస్తారా అంటే, చూస్తారు. మన ఊళ్లో కొత్తవాళ్లొస్తే మనం చూడమా? నేను మొదటిసారి చీరలో వెళ్లి గోడవారగా నిలబడిపోతే ఒక పెద్దావిడ తన పర్సు తీసి పక్క కుర్చీ ఖాళీ చేసింది. ఏ ఊరంటే విజయనగరం అనే చెప్పాను. మీరూ అదే చెప్పండి.

తాతగారు ఇక్కడికి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్లాను. ద్వారం వెంకటస్వామి నాయుడిగారి వయొలిన్ కచేరీలు విన్న చెవులాయనవి, నాకు ఒకటే టెన్షన్. అక్కడి ముసలాయన ఫిడేలు గడ్డం కింద కాకుండా ఛాతీకి ఆనించుకుని, ఇంకో పాటకోసం బిరడాలు తిప్పుతున్నాడు. తాతగారు ముందుకి వంగారు. ఒక్కో తీగ మీద కమాను పడుతుంటే వేళ్లతో తొడమీద లెక్కపెట్టి, “స, ప, స, ప. మన శ్రుతేనే అమ్మా!” అన్నారు. నిజమే, వాళ్లు కొన్ని పాటలకి అలా మార్చుకుంటారు. ఆ రాత్రి ఆయన్ని లేపి తీసుకురావడం నా వల్ల కాలేదు.

మీ అమ్మ పెళ్లికి ముందు ఆరేళ్లు వయొలిన్ నేర్చుకుంది. ఆ సంగతి నీకెప్పుడైనా చెప్పిందో లేదో. అందుకని ఫిడేలు వాయించేవాళ్లకి దగ్గరగా కుర్చీ చూసి దాన్ని కూర్చోబెట్టు. ఎవరైనా డ్యాన్సుకి పిలిస్తే నువ్వు అడ్డుపడకు, వెళ్లాలో వద్దో అదే తేల్చుకుంటుంది. చెక్కనేల మీద అంతమంది బూట్లు టకటకలాడుతుంటే ఆ అదురు కూర్చున్నవాళ్ల పాదాలకీ తెలుస్తుంది.

రాత్రికి తిరుగుప్రయాణం పెట్టుకోకు. కొండదారి, జింకలు అడ్డొస్తాయి, ఫోన్ సిగ్నల్ ఉండదు. మీ ముగ్గురికీ ఫ్లాయిడ్‌లోనే గది తీసుకో. ఏ శుక్రవారమో చెబితే నేను రోనోక్ నుంచి నేరుగా అక్కడికే వచ్చేస్తాను. వయొలిన్ సంగతి మాత్రం అమ్మ దగ్గర ముందే ఎత్తకు.

మీ పెద్దమ్మ