దేశాభిమానం ఉంటే కూటములు గిట్టవా?

జాతీయతను చాటే రాజకీయ ప్రచారం వల్లే జనం యూరోపియన్ యూనియన్ వంటి కూటములకు దూరమవుతారా అని అడిగారు. ఒక్కోసారి దూరమవుతారు, ఒక్కోసారి దగ్గరవుతారు. ‘మనం’ అన్నప్పుడు ఎదుట ఎవరిని నిలబెడుతున్నారన్నది చూడాలి.

విశాఖలో రొయ్యల ఎగుమతి సంస్థలో పనిచేశాను కనుక చేపలతోనే మొదలుపెడతాను. 2016 జూన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న బ్రిటన్ రెఫరెండానికి వారం ముందు, బయటికి పోదామని ప్రచారం చేసిన నాయకుడు నైజెల్ ఫరాజ్ చేపల పడవలను వెంటబెట్టుకుని థేమ్స్ నదిలో పార్లమెంటు దాకా వెళ్లారు. ఆ దేశ ఆర్థిక వ్యవస్థలో చేపలవేట వాటా ఒక శాతంలో పదోవంతు. అయినా ‘మన సముద్రం మనకే’ అన్న మాట ముందు ఆ లెక్క ఎవరికి పట్టింది? బ్రిటన్ మొత్తం మీద 51.9 శాతం బయటికి పోదామన్నారు. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉందామన్నారు. వాళ్లకు స్వాభిమానం తక్కువేమీ కాదు. అక్కడి జాతీయ పార్టీ 1988 నుంచీ ‘యూరప్‌లో స్వతంత్ర స్కాట్లాండ్’ అంటూ వచ్చింది. ఆ ప్రచారంలో పెత్తందారు లండన్, అండ యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్.

మనకూ ఇది కొత్త కాదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్నవాళ్లు ఢిల్లీని కాదనలేదు, ఢిల్లీ నుంచే కర్మాగారం అడిగారు.

మా ప్లాంటులో యూరప్‌కు వెళ్లే సరుకు నుంచి నమూనాలు తీసి, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకు పంపేవాళ్లం. ఫలితం వచ్చేదాకా కంటైనర్ కదిలేది కాదు. మా సూపర్‌వైజర్ ఒక్కనాడూ విసుక్కోలేదు. అదే మనిషి 2019లో, చైనా సహా ఆసియా-పసిఫిక్ దేశాల మధ్య సుంకాలు తగ్గించే ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం పేరెత్తితే మండిపడేవారు, చైనా సరుకు వచ్చిపడుతుందని, పాడి రైతు మునుగుతాడని. ఆ భయం ఉత్తిది కాదు. కానీ నవంబరు 4న బ్యాంకాక్‌లో ప్రధాని మోదీ చేరబోమని చెబుతూ గాంధీజీ మాటనూ తన అంతరాత్మనూ ప్రస్తావించారు. అంతటితో సుంకాల చర్చ కాస్తా ఆత్మగౌరవ చర్చ అయిపోయింది.

“యూరప్ నిబంధనలూ బయటివాళ్లు పెట్టినవే కదండీ, వాటిలో మన మాట చెల్లదు కూడా” అన్నాను.

“వాళ్లు కొనేవాళ్లు బాబూ, ఈ ఆర్‌సెప్ వాళ్లు అమ్మేవాళ్లు” అన్నారాయన.

సగం నిజమే. మన రొయ్యలు కొనే జపాన్ కూడా ఆర్‌సెప్‌లోనే ఉంది. మా టీ బల్ల దగ్గర దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.