ధర మారలేదు, సరుకు తగ్గింది: హన్మకొండ సూపర్‌మార్కెట్లో ఏది చవకో ఎలా తెలుసుకోవాలి?

ధర పెంచితే వెంటనే పట్టేస్తాం, బరువు తగ్గిస్తే గమనించం. అందుకే కంపెనీలు గ్రాములు కోస్తాయి. ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతన్నది చిన్నగా అచ్చేసి ఉంటుంది, ముందు అది చూడండి.

ఎక్కువమంది బోల్తా పడేది నూనె దగ్గర. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. దాని ధర 150 అయితే కిలోకు 165 పడ్డట్టు. పక్కనే ఇంచుమించు అంతే కనిపించే 750 గ్రాముల ప్యాకెట్ 130కే వస్తుంది గానీ, కిలోకు 173!

యాప్ ఆఫర్ ఉంటే ఆ ధరను మీరే బరువుతో భాగించాలి, ప్యాకెట్ మీది లెక్క ఎమ్మార్పీకే. పాయింట్ల కోసం అక్కర్లేనివి కొనకండి. బిల్లుకు ఫోన్ నంబర్ తప్పనిసరి కాదు. ఇస్తేనే బిల్లంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. పప్పులకైతే వరంగల్ బీట్‌బజార్‌లో కూడా కిలో ధర అడిగి పోల్చుకోండి.