టూరిస్టుగా వెళ్లి విదేశంలో ఇంగ్లీషు టీచరుగా చేరవచ్చా? తిరుపతి నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు, ఆ తర్వాత బి.ఎడ్. చేశారు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో కొన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. రెండు లక్షలు కడితే థాయ్‌లాండ్‌కో కొరియాకో పంపిస్తామని, ముందు టూరిస్టుగా దిగి అక్కడే వీసా మార్చుకోవచ్చని ఊళ్లోని ఒక కన్సల్టెన్సీ చెప్పింది. ఇందులో నిజమెంత, మీ భార్యనూ బాబునూ వెంట తీసుకువెళ్లవచ్చా అని అడుగుతున్నారు.

నాది చిత్తూరు. థాయ్‌లాండ్‌లో కొన్నేళ్లు స్కూలు టీచరుగా పనిచేసి వచ్చాను. ఇప్పుడు తిరుపతిలోనే ఉంటూ, బయటి దేశాలకు వెళ్లే టీచర్ల కాగితాలు అడిగినవారికి చూసిపెడుతుంటాను. ఇది నాకు వ్యాపారం కాదు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

కన్సల్టెన్సీ మాటలో సగం నిజం ఉంది. చిక్కంతా ఆ సగంతోనే. టూరిస్టుగా థాయ్‌లాండ్‌లో దిగినవారు, తమ గడువు ఇంకా రెండు వారాలకు పైగా మిగిలి ఉండగా, స్కూలు ఇచ్చిన కాగితాలతో అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉద్యోగానికి ఇచ్చే నాన్-ఇమ్మిగ్రెంట్ బి (నాన్-బి) వీసాకు మారవచ్చు. నిబంధనల్లో ఆ వీలు ఉంది. అయితే వీసా మారగానే తరగతిలో అడుగుపెట్టడానికి లేదు. వర్క్ పర్మిట్ వేరు, దాన్ని ఇచ్చేది కార్మిక శాఖ. అది చేతికి రాకముందు పాఠం చెబితే చట్టం దృష్టిలో అది అనుమతి లేని పనే. పట్టుబడితే టీచరుకు 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా వేసి దేశం నుంచి పంపించేస్తారు. ఆపైన రెండేళ్లు మళ్లీ వర్క్ పర్మిట్‌కు అర్హత ఉండదు. స్కూలుకూ జరిమానా ఉంది. కానీ స్కూలు ఎక్కడికీ పోదు, మరో టీచరును తెచ్చుకుంటుంది.

ఇలా చేరినవారిని నేను దగ్గరగా చూశాను. మా పక్క ఊరి స్కూల్లో ఇద్దరు భారతీయులు, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి టూరిస్టు ముద్రతోనే ఒక టర్ము గడిపారు. తనిఖీకి వస్తున్నారన్న కబురు అందిన రోజున వాళ్లను లైబ్రరీలో కూర్చోబెట్టి, పుస్తకాలు చూడటానికి వచ్చిన అతిథులని చెప్పమనేవారు. జీతం నగదుగా, అదీ ఆలస్యంగా. అడగడానికి వీల్లేదు, ఎందుకంటే రాతపూర్వకంగా వాళ్లు అక్కడ పనిచేయడమే లేదు. టర్ము చివర ఆ స్కూలు కొత్తవారిని పెట్టుకుంది.

సక్రమమైన పద్ధతిలో పని మొదలయ్యేది స్కూలు దగ్గర. స్కూలు మీకు ఒప్పందమూ, తన నమోదు పత్రాలూ, మీ నియామకాన్ని తెలిపే లేఖా పంపుతుంది. వాటితో మీరు ఇక్కడినుంచే నాన్-బి వీసాకు దరఖాస్తు చేస్తారు. మనకు దగ్గరి థాయ్ కాన్సులేట్ చెన్నైలో ఉంది, ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆ వీసాతో దిగాక స్కూలు మనిషే మీ వెంట వచ్చి వర్క్ పర్మిట్ పని పూర్తి చేయిస్తాడు. ఉపాధ్యాయ లైసెన్సు ఇచ్చే సంస్థ పేరు ఖురుసపా. ఆ లైసెన్సు లేనివారికి స్కూలు అడిగితే అది రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇస్తుంది. బి.ఎడ్. ఉండటం ఇక్కడ మీకు నిజంగా కలిసివస్తుంది. ఒట్టి డిగ్రీతో వచ్చిన ఇంగ్లాండ్ కుర్రాళ్లు ఈ లైసెన్సు కోసం పడే పాట్లు మీకుండవు. వాళ్లకు లేనిది మనకు మరొకటుంది: ఇంగ్లీషు వచ్చని పరీక్ష రాసి చూపించాలి. మన దేశం వారిని టోయిక్‌లో 600 మార్కులు అడగడం అక్కడ మామూలు. ఎం.ఏ. ఇంగ్లీషు చేసినవాణ్ణి పట్టుకుని ఇదేమిటని నేనూ విసుక్కున్నాను, రాశాను.

జీతం సంగతి కూడా ముందే తెలియాలి. నేను చూసిన స్కూళ్లలో అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవారికి 35,000 బాత్ పైన ఇచ్చే చోట, భారతీయులకూ ఫిలిప్పీన్స్ వారికీ 20,000 దరిదాపుల్లో ఇచ్చేవారు. అదే తరగతి, అదే పుస్తకం. వీసా వచ్చాక కూడా ప్రతి 90 రోజులకు ఒకసారి చిరునామా తెలియజేయాలి, సెలవుల్లో ఇంటికి వచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కితే వీసా అక్కడితో రద్దు. ఉద్యోగం మానేసిన రోజున దాని మీద ఇచ్చిన నివాస అనుమతీ పోతుంది, అందుకే స్కూలు మారాలంటే రెండో స్కూలు కాగితాలు చేతికి వచ్చాకే మొదటిదానికి రాజీనామా ఇవ్వాలి.

కొరియా మాట తేల్చేయడం సులువు. అక్కడ ఇంగ్లీషు బోధకులకు ఇచ్చే ఇ-2 వీసా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీ ఉచ్చారణ ఎంత బాగున్నా లెక్కలోకి రాదు, చూసేది పాస్‌పోర్టు. మనకు ఒక్క చిన్న సందు ఉంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందంలో భారతీయ టీచర్లకు స్కూళ్లలో సహాయక ఇంగ్లీషు ఉపాధ్యాయులుగా చోటు కల్పించారు. దానికి ఉపాధ్యాయ అర్హత తప్పనిసరి. అక్కడి ప్రైవేటు కోచింగ్ కేంద్రాలకు ఆ వెసులుబాటు వర్తించదు. మీ కన్సల్టెన్సీ వారు పంపిస్తామంటున్నది స్కూలుకా, కోచింగ్ కేంద్రానికా అని అడగండి. కోచింగ్ కేంద్రమని చెబితే ఇక మాట్లాడవలసింది లేదు.

జపాన్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల వారికి అక్కడ తగిలే అడ్డు వేరు. జపాన్ వీసాకు దేశం పట్టింపు లేదు. కానీ స్కూళ్లలో భాష చెప్పేవారికిచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు, ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలన్నది అక్కడి నియమం. మనలో చాలామందిది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు ఇంగ్లీషులో చదివినా కూడితే ఏడే. మీరు మొదటినుంచీ ఇంగ్లీషు మీడియమైతే ఆ సంగతి స్కూలు, కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి పెట్టుకోండి. తెలుగు మీడియమైతే ప్రైవేటు సంభాషణ కేంద్రాల దారి ఉంది. వాటి వీసా తరగతి వేరు, దానికి డిగ్రీ చాలు. రెండింటికీ వీసాకు ముందు కావలసిన అర్హత పత్రం కోసం జపాన్‌లో దరఖాస్తు పెట్టేది ఉద్యోగం ఇచ్చే సంస్థే.

బి.ఎడ్. ఉండి, కుటుంబం ఉండి, నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలనుకునే మీలాంటి వారు ముందుగా చూడవలసింది గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లనే అని నా అభిప్రాయం. యూఏఈ, ఒమన్, ఖతార్, కువైట్‌లలో అవి చాలా ఉన్నాయి. వాళ్లకు మన డిగ్రీ అంటే ఏమిటో వివరించనక్కరలేదు, మన అనుభవానికి విలువ ఉంటుంది. దుబాయ్‌లోనైతే ప్రైవేటు స్కూలు టీచరు నియామకానికి అక్కడి ప్రైవేటు స్కూళ్లను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ ఆమోదం కావాలి. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు, వీసా ఖర్చులు యజమానివే. ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద ఉన్నవారితో పని చేయించే యజమానికి 2024లో చేసిన సవరణతో జరిమానా లక్ష దిర్హాముల నుంచి మొదలవుతోంది. కాబట్టి అక్కడ పేరున్న స్కూళ్లేవీ మిమ్మల్ని విజిట్ వీసా మీద రమ్మని తరగతికి పంపవు.

ఇక కాగితాలు. ఉద్యోగం దొరికాక చూద్దామనుకునేవారే నా దగ్గరికి ఎక్కువ వస్తారు. అప్పటికి స్కూలు ఇచ్చిన గడువు మూడు వారాలు ఉంటుంది, పని మూడు నెలలది ఉంటుంది. మొదటి ప్రశ్న: మీ దగ్గర ఓ.డి., అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టా, ఉందా? ప్రొవిజనల్ సర్టిఫికేటుతోనే ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసేవారు మన దగ్గర కోకొల్లలు. విదేశాలకు అది చాలదు. కాన్వొకేషన్ పట్టా కోసం యూనివర్సిటీలో వెంటనే దరఖాస్తు పెట్టండి. ఎం.ఏ.కీ బి.ఎడ్.కీ విడివిడిగా.

రెండోది పేరు. ఇది మన తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. డిగ్రీలో అది ఒక్క అక్షరంగా మారి చివరికి చేరుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు మరో గడిలో ఉంటాయి. ఆధార్‌లో రెండూ కలిసిపోతాయి. మనకు ఇవన్నీ ఒకే మనిషి. అబుదాబీలోనో బ్యాంకాక్‌లోనో కూర్చున్న గుమాస్తాకు నలుగురు వేర్వేరు మనుషులు. నాకు తెలిసిన ఒక చంద్రగిరి టీచరుకు స్కూలు ఉద్యోగం ఖాయం చేసింది, డిగ్రీ మీద ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం ఉన్నందుకు ఫైలు ఆగిపోయి, ఆ విద్యా సంవత్సరమే గడిచిపోయింది. పాస్‌పోర్టును పదో తరగతి జాబితాతో అక్షరం పొల్లుపోకుండా సరిపోల్చుకోవడం మంచిది. తేడా డిగ్రీలో ఉంటే యూనివర్సిటీలోనే సరిచేయించండి. అఫిడవిట్లు కొన్నిచోట్ల చెల్లుతాయి, కొన్నిచోట్ల చెల్లవు, వాటిని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోవద్దు.

ఆ తర్వాతే ధ్రువీకరణ. డిగ్రీకి ముందు రాష్ట్ర స్థాయిలో, ఆపైన విదేశాంగ శాఖలో ముద్ర పడాలి. అపోస్టిల్ అంటే ఒకరి పత్రాలను ఒకరు ఒకే ముద్రతో ఒప్పుకునే పద్ధతి; ఆ ఒప్పందంలో ఉన్న కొరియా, జపాన్‌ల వంటి దేశాలకు విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో పని అయిపోతుంది. భారత్ ఆ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. యూఏఈ అందులో లేదు, కాబట్టి విదేశాంగ శాఖ తర్వాత వారి రాయబార కార్యాలయం, అక్కడికి వెళ్లాక వారి విదేశాంగ శాఖ కూడా ముద్ర వేయాలి. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము ఒక పత్రానికి 50 రూపాయలు. మిగతా వేలు మధ్యలో తిరిగేవారి కూలి. ఆ కూలి తప్పని చెప్పను, ఎంతకెంత అని అడిగి కాగితం మీద రాయించుకోండి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికేటుకు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే దరఖాస్తు చేయవచ్చు, రుసుము 500. దీన్ని మాత్రం ముందే తీసిపెట్టుకోవద్దు, పాతబడితే మళ్లీ అడుగుతారు.

ఒక మాట పక్కదారి పట్టి చెబుతాను. ఆ దేశాలు మనల్ని ఇన్ని అడుగుతున్నాయని మా స్టాఫ్ రూములో తిట్టుకునేవాళ్లం. మన దేశం తక్కువేమీ కాదు. విదేశీయులు ఇక్కడ ఉద్యోగ వీసా పొందాలంటే ఏడాదికి 16.25 లక్షల జీతం ఉండాలన్న నియమం ఉంది. భాషా ఉపాధ్యాయులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు, ఇంగ్లీషు చెప్పేవారికి తప్ప! జపనీస్ నేర్పడానికి ఒక టోక్యో టీచరు తక్కువ జీతానికి రావచ్చు, ఇంగ్లీషు నేర్పడానికి లండన్ టీచరు రాలేరు. ఏ తిరుపతి స్కూలు అంత జీతం ఇస్తుంది? కొండకు వచ్చిన విదేశీ భక్తులను పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించమని కూర్చోబెట్టే స్కూళ్ల వారు కూడా ఈ నియమం ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

రెండు లక్షల సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం నుంచి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కూడా మీ దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అదీ రసీదు ఇచ్చి. స్టడీ వీసాలు చూసే కన్సల్టెన్సీ బోర్డు వేసుకుని ఉద్యోగాలకు పంపుతామంటే ఆ రిజిస్ట్రేషన్ అడగవలసిందే. థాయ్‌లాండ్ అనగానే నేను ఇంకాస్త గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అక్కడ మంచి ఉద్యోగమని టూరిస్టుగా రప్పించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మయవాడి ప్రాంతంలో సైబర్ మోసాల కేంద్రాల్లో బంధించిన భారతీయుల గురించి విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరిక జారీ చేసింది. వాళ్లకు చెప్పినవి ఎక్కువగా కంప్యూటర్ ఉద్యోగాలు. టీచరు ఉద్యోగమైనా స్కూలు పేరు, ఊరు, ఒప్పందం లేకుండా టికెట్టు మాత్రం ముందుగా చేతిలో పెడితే ఎక్కవద్దు. స్కూలు ఫోను నంబరు ఏజెంటు ఇచ్చింది కాకుండా మీరే వెతికి, మాట్లాడండి.

కుటుంబం విషయానికి వస్తే, థాయ్‌లాండ్‌లో మీ వీసా మీద భార్యకూ పిల్లలకూ నాన్-ఓ వీసా దొరుకుతుంది, దానితో ఆమె ఉద్యోగం చేయకూడదు. యూఏఈలో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. రెండుచోట్లా పెళ్లి సర్టిఫికేటు అడుగుతారు. పెళ్లి కొండ మీద జరిగినా కల్యాణ మండపంలో జరిగినా, శుభలేఖ, ఫొటోలు చాలవు, రిజిస్ట్రారు ఇచ్చిన పత్రమే కావాలి, దానికీ అదే ధ్రువీకరణ. మొదటి ఏడాది ఒక్కరే వెళ్లి, ఇల్లు, బాబు స్కూలు ఫీజు చూసుకున్నాక వాళ్లను పిలిపించుకోమంటాను. గల్ఫ్ స్కూళ్లలో చాలావరకు తమ టీచర్ల పిల్లలకు ఫీజు తగ్గిస్తాయి, ఎంత తగ్గిస్తారో ఒప్పందంలో రాయించుకోండి.

ఓ.డి.లు వచ్చాయా, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది, పదో తరగతి దాకా ఏ మీడియం, ఈ మూడూ ఇక్కడే కింద రాస్తే మీకు ఏ దేశం కుదురుతుందో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను. పాస్‌పోర్టు నంబరు, సర్టిఫికేట్ల ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టవద్దు.