ఎండకు మాడిన పూలమొక్కల్ని పీకేయకండి, దసరా దాకా ఆగండి

"ఎండాకాలంలో మా మిద్దె మీద గులాబీలు, చేమంతులు, మందారాలు మాడిపోయాయి. వానలు పడ్డాక ఆకులైతే వచ్చాయి కానీ పూలు లేవు. పీకేసి కొత్తవి తెచ్చుకోవాలా?" అని ఒకరు అడిగారు. వద్దు. మాది రామంతాపూర్. పెళ్లై ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మిద్దె మీద కుండీలు లేని రోజు లేదు. నన్నడిగితే హైదరాబాద్‌లో మొక్కలు ఎండకు పోవు, మనుషుల కంగారుకు పోతాయి.

ముందు కొమ్మను గోరుతో కొంచెం గీకి చూడండి. తోలు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పైన ఎండిపోయి ఉంటే ఇంకా కింద గీకండి. మొదట్లో కూడా గోధుమ రంగే కనిపిస్తే అప్పుడు వదిలేయండి. అంటు గులాబీకి ఒక మెలిక ఉంది. అంటు కట్టిన ముడి కింది నుంచి జోరుగా చిగురు లేస్తే సంబరపడొద్దు. అది అడవి గులాబీ వేరు నుంచి వచ్చిన కొమ్మ. మేపినంత కాలం ఆకులేస్తుంది, మీరు కొన్న పువ్వు మాత్రం పూయదు. మొదలంటా తీసేయండి.

మేలో 42, 43 డిగ్రీలుంటే, కాలే స్లాబు మీద కుండీలో ఉన్న మొక్క పూత మానేసి ప్రాణం కాపాడుకునే పనిలో పడుతుంది. అది రోగం కాదు. దానికి జబ్బు చేసిందనుకుని మిట్ట మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు పోసేవాళ్లుంటారు. పైపులో నిలిచిన ఆ నీళ్లు చేతికే కాలుతుంటే వేళ్ల సంగతి ఏమిటి? పోనీ జూన్‌లో వాన పడగానే పూయాలా అంటే, అదీ కాదు. మబ్బు, తడి ఉన్నన్నాళ్లూ ఆకులే. సెప్టెంబరు చివరికి వాన తెరిపిచ్చి, పొద్దున చల్లగా, పగలు కడిగినట్టు ఎండ కాసే రోజులొస్తాయి చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు పూత. మన వాళ్లకు ఇది తెలియదా? తంగేడు, గునుగు, బంతి విరగబూసే వేళకే ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది. ఇప్పుడా గునుగు కూడా కొనుక్కోవాల్సి వస్తోంది, అది వేరే బాధ. మా వీధి చివరి ఖాళీ ప్లాట్లలో తెల్లగా కుచ్చులు కుచ్చులుగా ఉండేది. ఇప్పుడక్కడ అయిదంతస్తులు లేచాయి. పండుగ ముందు రోజు రోడ్డు పక్కన కట్ట కొంటే సగం వడిలిపోయి ఉంటుంది, పైగా దానికేసిన రంగు చేతికి అంటుకుంటుంది.

గులాబీల సంగతి త్వరగా చెప్పేస్తాను. వానలు తగ్గుముఖం పట్టాక, అంటే దసరా అటూ ఇటూగా, ఎండు పుల్లలు, బలహీనమైన కొమ్మలు తీసేసి, మిగతావి సగానికి కత్తిరించండి. మట్టి గుల్ల చేసి రెండు గుప్పెళ్ల మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి వేయండి. నెలన్నరకు పూలు చూస్తారు. అరటితొక్కలు నానబెట్టిన నీళ్లు, ఉల్లిపొట్టు నీళ్లు అంటూ వీడియోలు చూసి మిద్దె మీద బకెట్లు పెట్టకండి. దోమలకు తప్ప ఎవరికీ లాభం లేదు.

చేమంతి దగ్గరికొద్దాం. దీని గురించి చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఒక ఏడాది మా చేమంతులు ఎండాకాలం గట్టెక్కాయి. జూన్‌లో పిలకలు విడదీసి నాటాను. వినాయక చవితి దాకా కొసలు గిల్లుతూ పోతే ఒక్కో మొక్కా బుట్టలా గుబురుగా అయింది. దసరా అయింది, దీపావళి దగ్గరకొచ్చింది, పిట్టగోడ వెంట ఉన్న వరసలో ఒక్క మొగ్గ లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు వెనక, చోటు లేక పడేసిన చిన్న కుండీల్లో మాత్రం పెసర గింజలంత మొగ్గలు ఆకుల మధ్య కిక్కిరిసి ఉన్నాయి. అవే పిలకలు, అదే మట్టి, అదే నీళ్లు. మా అత్తమ్మ దిష్టి తగిలిందని ఎండుమిర్చి తిప్పి పడేసింది.

ఒక రాత్రి ఆరేసిన బట్టల కోసం పైకి వెళ్తే అర్థమైంది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు బండ్లలో పెట్రోలు పోతోందని కొత్తగా పెద్ద ఫోకస్ లైటు పెట్టారు. పార్కింగ్ మీద పడాల్సిన వెలుగు సగం మా పిట్టగోడ మీద పడుతోంది. చేతిలో చీర మీది పువ్వుల రంగు కూడా తెలుస్తోంది. ట్యాంకు నీడలో మాత్రం చీకటి.

చేమంతికి పొడుగు రాత్రి కావాలి. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమై, ఆ తర్వాత రాత్రి పెరుగుతూ పోతుంది. చేమంతి మొగ్గ కట్టేది ఆ లెక్కను చూసే. చీకట్లో లైటు పడితే దానికింకా వానాకాలమే, ఆకులేస్తూ కూర్చుంటుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1920లోనే అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పగటి పొడవును బట్టి మొక్కలు పూస్తాయని పొగాకు, సోయా మొక్కలతో తేల్చి రాశారు. పాలీహౌస్‌లలో చేమంతి పెంచేవాళ్లు, మొక్క కావలసినంత ఎత్తు పెరిగేదాకా రాత్రి బల్బులు వేసి పూత ఆపుతారు కూడా.

మర్నాడు వెళ్లి ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీతో చెప్పాను. "లైటుకూ పూలకూ ఏం సంబంధం అక్కా? మీరు మరీ!" అని నవ్వాడు. కొంచెం కిందికి తిప్పమన్నాను, మీటింగులో పెడతానన్నాడు. ఆ మీటింగు ఇంతవరకూ అయినట్టు లేదు. ఆయనతో పెట్టుకోవడం దండగని మా వారూ నేనూ కలిసి కుండీలన్నీ ట్యాంకు వెనక్కి జరిపాం. నడుము పట్టేసింది కానీ నెల తిరక్కుండా మొగ్గలు కనిపించాయి. సంక్రాంతికి ముగ్గుల మీద గొబ్బెమ్మల్లో పెట్టినవి మా ఇంటి పసుపు చేమంతులే. అత్తమ్మ ఇప్పటికీ ఎండుమిర్చి మహిమే అంటుంది.

అందుకే నవంబరులో నర్సరీకి పరిగెత్తి, విచ్చిన చేమంతి కుండీలు కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొబ్బరిపొట్టులో ఉబ్బించి అమ్ముతారు, పూలు రాలగానే చెత్తబండికి ఎత్తేస్తారు. పూసిన కొమ్మలు కోసేసి అలా ఉంచితే మొదట్లోంచి పిలకలొస్తాయి. మే నెలంతా గ్రీన్ నెట్ కింద, పొద్దున ఒక్కపూట నీళ్లతో బతుకుతాయి.

మందారానికి ఈ రాత్రి లెక్కలేమీ లేవు. చిగుళ్ల సందుల్లో తెల్లగా దూదిలా ఉందేమో చూడండి. ఉంటే అది పిండినల్లి. గట్టిగా నీళ్లు కొట్టి కడిగి, వేపనూనె కలిపిన సబ్బు నీళ్లు వారానికోసారి చల్లండి. మొగ్గలు రాలకుండా నిలుస్తాయి.

మీ మిద్దె మీద రాత్రి పదింటికి నిలబడి చూసి, ఏ వైపు నుంచి వీధి లైటు పడుతుందో ఇక్కడ రాయండి. చేమంతులు ఎటు జరపాలో చెబుతాను.