గోడ మీద ఎర్ర గీత పడేదాకా ఆగొద్దు: మా ఊరి అనుభవం

"మా ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. రోడ్లు వెడల్పు చేస్తారట, చెరువు కట్ట మీద ఏదో కడతారట. ఊరి పాత కళ పోకుండా మామూలు జనం ఏమైనా చేయగలరా?" అని అడిగారు. చేయగలరు. కాకపోతే మేం మొదటిసారి చేసినట్టు చేయకండి.

మాది వరంగల్‌కు 40 కిలోమీటర్ల లోపు ఊరు. 2018 ఆగస్టులో తెలంగాణలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి కదా, అందులో మాదీ ఒకటి. ఊరి పేరు రాయను. రేపు ఏ పని పడ్డా మళ్ళీ అదే ఆఫీసు మెట్లెక్కాలి.

మా పాత బజారు గురించి ముందు చెప్పాలి. రెండు వైపులా పెంకుటిళ్ళు, టేకు స్తంభాల దాలాన్లు, ప్రతి ఇంటి ముందు అరుగు. మధ్యలో బొడ్రాయి, పక్కన వేపచెట్టు. సోమవారం అంగడి. కూరగాయలమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి ఆ అరుగుల మీదే గంపలు దించేవారు. ఏ ఇంటివాళ్ళూ కిరాయి అడిగింది లేదు. పొద్దుగూకాక పోతూ పోతూ రెండు కట్టల పుంటికూర దర్వాజ పక్కన పెట్టి పోయేవారు. మా అమ్మకు సోమవారం సాయంత్రం ఏం వండాలో ఆ కూరే చెప్పేది.

ఒకరోజు నిద్ర లేచేసరికి గోడల మీద ఎర్ర గీతలున్నాయి. 60 అడుగుల రోడ్డట, గీత దాకా కూలుస్తారట. ఇరవై మందిమి కలిసి ఆఫీసుకు పోయాం. టౌన్ ప్లానింగ్ ఆయన కోప్పడలేదు, కసురుకోలేదు. బీరువాలోంచి ఫైలు తీసి చూపించాడు. ఏడు నెలల కిందటే కౌన్సిల్‌లో తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. అజెండా నోటీసు బోర్డు మీద పెట్టామన్నాడు. వెళ్ళి చూశాం. నిజంగానే ఉంది, ఆధార్ క్యాంపు కాగితం కింద.

మా వార్డు కౌన్సిలర్‌ను పట్టుకుని "అన్నా, నువ్వు గూడ చెయ్యెత్తినవ్ గదా?" అని అడిగాం.

"60 అడుగులంటే ఎక్కడిదాక వస్తదో నాకేం ఎర్క తమ్మీ, కాయితం మీద సన్నగనే కనవడ్డది" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. నాకూ ఆ ప్లాను చూపిస్తే అంతే కనిపించేదేమో.

ధర్నా చేశాం, పేపర్లో ఫొటో వచ్చింది. కోర్టుకు పోదామన్నవాళ్ళు వకీలు ఫీజు దగ్గర ఆగిపోయారు. అసలు దెబ్బ మాలో మేమే వేసుకున్నాం. ఇంటి వెనక జాగా బాగా ఉన్నవాళ్ళకు ముందు భాగం పోయినా రోడ్డు మీదికి షట్టర్లు వస్తాయి, కిరాయిలు వస్తాయి. పదడుగుల లోతు కొట్టుతో బతికేవాళ్ళకు మొత్తం పోతుంది. రెండో నెల వచ్చేసరికి ధర్నాలో ఈ రెండో రకం వాళ్ళే మిగిలారు. ఇంకో మాట కూడా చెప్పాలి. 108 ఆ బజారులోకి వస్తే తిరిగి బయటపడటానికి చుక్కలు కనిపించేవి. వెడల్పు కావాలన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎంత వెడల్పు, ఏ వైపు అన్న సంగతి మాట్లాడాల్సిన రోజున మాలో ఒక్కరం కూడా అక్కడ లేం. అంతే.

బొడ్రాయిని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడది డివైడర్ మధ్యలో ఉంది, బొడ్రాయి పండుగ రోజు ట్రాఫిక్ ఆపి పూజ చేస్తారు. అరుగులు పోయాయి. అంగడి బైపాస్ పక్కకు పోయింది.

అప్పటికి నాకు అర్థం కాని విషయం ఒకటుంది. పంచాయతీ ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఎవరైనా లేచి నిలబడి "గిదేంది?" అని అడగొచ్చు. మున్సిపాలిటీ అయిన రోజే ఆ సభ పోయింది. స్వీట్లు పంచుకున్నాం గానీ ఈ సంగతి ఎవరూ గమనించలేదు. కౌన్సిల్ మీటింగులో మాట్లాడేది కౌన్సిలర్లే, మనం కాదు.

దాని బదులు 2019 మున్సిపల్ చట్టంలో వార్డు కమిటీలు పెట్టారు. ప్రతి వార్డుకు నాలుగు: యువకులది, మహిళలది, వయసు పైబడినవాళ్ళది, ప్రముఖ పౌరులది. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. కాగితం మీద ఎంత బలమో చూడండి. మా వార్డులో ఆ పేర్లన్నీ ఒక్క సాయంత్రం ఎవరింట్లోనో కూర్చుని రాసేశారు. నేను "ప్రముఖ పౌరుణ్ణి" అని నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది, అదీ వేరే దరఖాస్తు పని మీద పోతే. మా ఆవిడ ఇప్పటికీ ఏమన్నా పని చెప్పాల్సొస్తే "ప్రముఖ పౌరుడు గారూ" అనే పిలుస్తుంది. మీరు మొదట చేయాల్సిన పని ఇదే: మీ వార్డు కమిటీల జాబితా అడిగి తీసుకోండి. అందులో మీ పేరే ఉండొచ్చు.

జాబితా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "రోడ్డు ఎందుకు వేస్తున్నారు" లాంటి ప్రశ్నలు రాస్తే జవాబు రాదు, కాగితాలు అడగాలి. తీర్మానం కాపీ, ఎస్టిమేటు కాపీ, ప్లాను కాపీ. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, స్టాంపు వేయించుకోండి. ఈ ముద్ర లేని కాగితం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

రెండోసారి సంగతి చెరువుది. మా చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్ చేస్తామన్నారు. వినడానికి బాగుంది, సగం ఊరు సంతోషపడింది, నేను కూడా. కానీ ఈసారి మాతో ఒక రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, మా వీధే. అజెండా బోర్డు మీద పడగానే ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ఎస్టిమేటు తెప్పించుకుని ఆయన ఇంటి డాబా మీద కూర్చుని చదివాం. చదివాం అంటే ఆయన చదివాడు, మేం చాయ్ తాగాం. కట్ట పొడవునా రెయిలింగ్, పైన టైల్స్, లోపలి వాలుకు సిమెంటు, మత్తడి వైపు పన్నెండు షాపులు. బతుకమ్మ వేసే మెట్ల దగ్గర కూడా రెయిలింగ్ ఆగకుండా పోతోంది. కట్ట మీద ఉన్న తొమ్మిది చింతచెట్లు ప్లానులో లేనే లేవు. గీసినవాళ్ళు కట్టను చూడలేదని అక్కడే తెలిసిపోయింది.

టేపు పట్టుకుని పోయి కొలిచాం. షాపులకు చూపించిన జాగా చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుకు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే గీతకు దగ్గరగా ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్‌గా వదలాలి. మాది పెద్ద చెరువే. ఈ ఒక్క లెక్క చేసిన పని మా ధర్నా, పేపర్లో ఫొటో కలిసి కూడా చేయలేదు. "కట్ట మా సంస్కృతి సార్" అంటే ఆఫీసులో అందరూ తలూపుతారు. "ఇది బఫర్‌లో ఉంది, సంతకం ఎవరు పెడతారు?" అంటే పెన్ను కింద పెడతారు.

మెట్ల సంగతి మాత్రం ఆడవాళ్ళే తేల్చారు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న మహిళా సంఘాల వాళ్ళను ముందుగా కలిశాం. మీటింగుకు రెండు రోజుల ముందు ఎనభై మంది దాకా చైర్‌పర్సన్ ఇంటికి పోయారు. నినాదాలేమీ లేవు. ఒక పెద్దమ్మ "సద్దుల బతుకమ్మ నాడు నెత్తి మీద బతుకమ్మ పెట్టుకుని ఆ కడ్డీలు ఎట్ల దాటాలె బిడ్డా, నువ్వొకపారి దాటి సూపియ్యి" అని అడిగింది. చైర్‌పర్సన్ కూడా ఏటా అక్కడ ఆడిన మనిషే, నవ్వేసింది. మా కౌన్సిలర్‌కు ఒక పేజీ కాగితం రాసిచ్చాం, మూడు సవరణలు, అంతే: మెట్ల దగ్గర రెయిలింగ్ వదలాలి, చెట్లు కొట్టొద్దు, షాపులు ఎత్తేయాలి. మొదటిది పూర్తిగా ఒప్పుకున్నారు. చెట్లలో ఏడు మిగిలాయి. షాపులు మత్తడి దగ్గర నుంచి బస్టాండు వైపు మారాయి. వాలుకు సిమెంటు మాత్రం వేసేశారు, దాన్ని ఆపలేకపోయాం. ఒకప్పుడు అక్కడ తుంగ ఉండేది, కొంగలు దిగేవి. ఇప్పుడు సెల్ఫీలు దిగుతున్నారు.

ఇది మా చిన్న ఊళ్ళో జరిగింది. పెద్ద స్థాయిలో జరిగింది చూడాలంటే కామారెడ్డి, జగిత్యాల చూడండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఏ జోన్లలో పడ్డాయో చూసి చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో రెండు కౌన్సిళ్ళూ ఆ ముసాయిదాలు రద్దు చేయాలని తీర్మానాలు చేశాయి. కామారెడ్డిలో అంతలోపే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, ఆ సంగతి మరిచి దాన్ని గెలుపు అనలేను. కానీ అది ఇంకా ముసాయిదా, అభ్యంతరాలకు ఇచ్చిన 60 రోజుల గడువు నడుస్తుండగానే జనం కదిలారు. ఖరారైన ప్లాను మీద అదే పోరాటం చేసుంటే ఏళ్ళు పట్టేది. మీ ఊరికి మాస్టర్ ప్లాన్ తయారవుతుంటే ఆ గడువు తేదీ గోడ మీద క్యాలెండర్లో రాసిపెట్టుకోండి.

ఇక చేతకానివి. పాత ఇళ్ళ ముఖాలను మీరు కాపాడలేరు, ఆశ పెట్టుకోవద్దు. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టే ఇళ్ళకు సొంత ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లోనే అనుమతి వస్తుంది. పక్కింటాయన తాత కట్టిన దాలాన్ కూల్చి అద్దాల బిల్డింగు కడితే కౌన్సిల్ దాకా ఆ మాటే రాదు. 2017 వారసత్వ చట్టం ఉంది గానీ, జాబితాకెక్కని ఇంటికి అది గొడుగు పట్టదు. ఆ మాటకొస్తే కట్టుదిట్టంగా కాపాడటం కూడా ఉచితం కాదు. మా మేనత్త వాళ్ళది ఖిలా వరంగల్, కోట గోడల లోపల ఇల్లు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. కీర్తి తోరణాలు చూడటానికి మేం పోతే ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఆమె మాత్రం "పైన ఒక అర్ర ఏసుకుందమంటే ఎన్ని కాయితాలు కావాల్నో" అంటుంది. ఊరి కళ అని మాట్లాడేటప్పుడు ఆమె మొహం గుర్తొస్తుంది నాకు.

ఎవరో ఒకరు గంగదేవిపల్లి పేరెత్తుతారు. గీసుకొండ మండలంలోని ఆ ఊరు నీళ్ళకొక కమిటీ, పారిశుద్ధ్యానికొక కమిటీ అని పనులు పంచుకుని దేశమంతా పేరు తెచ్చుకుంది. వెళ్ళి చూడండి, బాగుంటుంది. కానీ అక్కడ ఒకరి మొహం ఒకరికి తెలుసు. 20 వేల జనాభా పట్టణంలో అన్ని కమిటీలు నడపబోతే మూడో నెలకు వాట్సాప్ గ్రూపు, అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు మిగులుతాయి. మా దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నది అయిదుగురమే. ఒకరు బోర్డు చూస్తారు, ఒకరు కాగితాలు రాస్తారు, ఇద్దరు సంఘాల వాళ్ళతో మాట్లాడతారు. వర్క్ ఇన్‌స్పెక్టర్ సార్ ప్లాను చదువుతాడు. మున్సిపాలిటీలో పని కాకపోతే సోమవారం ప్రజావాణికి పోతాం, కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ తిరిగి మున్సిపాలిటీకే వచ్చినా దానికి నంబరు పడుతుంది.

మీరు ఏ దశలో ఉన్నారో రాయలేదు. గోడల మీద గీతలు పడ్డాయా? లేక తీర్మానం ఇంకా అజెండాలోనే ఉందా? అది చెబితే ఏ కాగితం ముందు అడగాలో చెబుతాను. మేం చెరువుకు ఇచ్చిన ఒక పేజీ సవరణల కాగితం నా దగ్గర ఉంది. పేర్లు కొట్టేసి కింద పెడతాను, మార్చుకుని వాడుకోండి.